విశాఖపై బాంబులు వేసిన నౌకలు – అడ్మిరల్ యమమోటో జీవిత విశేషాలు

విశాఖపట్నం విహారయాత్రకు వెళ్ళి వచ్చిన హాస్టల్ విద్యార్థులు బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి గురించి తప్పక చెబుతారు. అదే రోడ్డులో విశాఖ మ్యూజియం కూడా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ వాళ్ళు విశాఖపై వేయగా పేలకుండా మిగిలిపోయిన ఒక బాంబును అక్కడ ప్రదర్శనకు ఉంచారు. చాలామంది దాన్ని ఒక చూపు చూసి ముందుకు వెళ్ళిపోతారు. కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జపాన్ ఎక్కడ, మన విశాఖ ఎక్కడ? 1942లో ఒకే ఇంజను ఉన్న చిన్న విమానం అన్ని వేల కిలోమీటర్లు దాటి ఎలా రాగలిగింది?

దీనికి జవాబు విమాన వాహక నౌక. సముద్రం మీద కదిలే విమానాశ్రయం అన్నమాట. మొదటి, రెండవ ప్రపంచ యుద్ధాల మధ్య ఇరవై ఏళ్ళలో ఈ నౌక రూపుదిద్దుకుంది. జపాన్‌లో ఈ నౌకలనూ, వాటి విమానాలనూ ముందుకు నడిపించిన వారిలో ముఖ్యుడు అడ్మిరల్ ఇసొరోకు యమమోటో. చర్లపల్లి, నాచారం, ఉప్పల్ కర్మాగారాల మధ్య చదువుకుంటూ, రేపు ఐటిఐలకో పాలిటెక్నిక్‌లకో వెళ్ళబోయే మనం ఈయన జీవితాన్ని, ఈయన నౌకల నిర్మాణాన్ని కలిపి తెలుసుకోవడం మంచిదని భావించి ఈ వ్యాసం రాస్తున్నాము. ఆయనను పొగడడం మా ఉద్దేశం కాదు, తిట్టడమూ కాదు.

బాల్యం – విద్యాభ్యాసం

యమమోటో 1884 ఏప్రిల్ 4న జపాన్‌లోని నాగవోక పట్టణంలో జన్మించారు. తండ్రి తకానో సదయోషి బడిపంతులు. ఆయనకు అప్పుడు 56 ఏళ్ళు. జపాన్ భాషలో ఇసొరోకు అంటే యాభై ఆరు. తండ్రి వయసునే కొడుక్కి పేరుగా పెట్టారు. వారిది పూర్వం యోధుల కుటుంబం. అయితే 1868లో జరిగిన అంతర్యుద్ధంలో నాగవోక ఓడిపోయిన పక్షాన ఉంది. అందువల్ల ఆ కుటుంబానికి గౌరవం మిగిలిందే గాని ఆస్తి మిగలలేదు. పెద్ద సంసారం, చాలీచాలని జీతం. ఆ ఇంట్లో ఇసొరోకు ఆరవ కొడుకు.

1901లో నౌకాదళ అకాడమీలో సీటు సంపాదించి, 1904లో చదువు పూర్తి చేశారు. మరుసటి సంవత్సరమే రష్యాతో త్సుషిమా సముద్ర యుద్ధం జరిగింది. 1905 మే 27న నిస్షిన్ అనే నౌకపై పనిచేస్తూ గాయపడి, ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు పోగొట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు 21 సంవత్సరాలు.

1916లో నాగవోకలోని యమమోటో వంశం వారు ఆయనను దత్తత తీసుకున్నారు. మగ సంతానం లేని పాత కుటుంబాలు సమర్థులైన యువకులను దత్తత చేసుకోవడం అక్కడి ఆచారం. అప్పటి నుంచి తకానో ఇసొరోకు యమమోటో ఇసొరోకు అయ్యారు. 1918లో వివాహం జరిగింది. నలుగురు సంతానం.

అమెరికా నేర్పిన పాఠం

1919 నుంచి 1921 వరకు నౌకాదళం ఆయనను అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపింది. అక్కడ ఇంగ్లీషు నేర్చుకున్నారు. పెట్రోలు వ్యాపారం గురించి లోతుగా చదివారు. తక్కువ ఖర్చుతో తిరుగుతూ చమురు బావులను, కార్ల కర్మాగారాలను స్వయంగా చూసి వచ్చారు. 1926 నుంచి 1928 వరకు వాషింగ్టన్‌లోని జపాన్ రాయబార కార్యాలయంలో నౌకాదళ ప్రతినిధిగా మళ్ళీ అమెరికాలో ఉన్నారు. ఆ దేశం దగ్గర ఎంత ఉక్కు ఉందో, ఎంత నూనె ఉందో, రోజుకు ఎన్ని యంత్రాలు తయారు చేయగలదో ఆయనకు బాగా అర్థమైంది. జపాన్ సేనానులలో ఈ లెక్క ఇంత స్పష్టంగా తెలిసినవారు తక్కువ.

నలభై ఏళ్ళ వయసులో విమాన విద్య

1924లో ఆయన కసుమిగవుర విమాన శిక్షణ కేంద్రంలో చేరారు. అప్పటికి ఆయన నలభై ఏళ్ళ అధికారి. ఫిరంగుల విద్యలో నిపుణుడే గాని విమానం నడపడం రాదు. తనకంటే చాలా చిన్నవారైన కుర్రాళ్ళ మధ్య కూర్చుని విమానం నడపడం నేర్చుకున్నారు. క్రమశిక్షణ విషయంలో కఠినంగా ఉండేవారు. ఇకపై సముద్ర యుద్ధాన్ని గెలిపించేది పెద్ద ఫిరంగి కాదు, విమానమేనని ఆయన గట్టిగా నమ్మారు. ఆ రోజుల్లో అలా నమ్మినవారు కొద్దిమందే.

ఆనాటి విమాన వాహక నౌకలు

1917 ప్రాంతంలో బ్రిటిష్ వారు మామూలు యుద్ధనౌకలపై చెక్క వేదికలు కట్టి విమానాలను ఎగరేసేవారు. ఎగరడం ఫరవాలేదు, దిగడమే కష్టం. వేదికకు ఎదురుగా పొగగొట్టం, గదులు అడ్డం వచ్చేవి. అందుకే నౌక పైభాగాన్ని ముందు నుంచి వెనక దాకా చదునుగా చేశారు. దాన్నే డెక్ అంటాము. మొదటి నుంచీ ఈ పనికోసమే రూపకల్పన చేసిన నౌకలు రెండు. ఒకటి బ్రిటన్ వారి హెర్మిస్, రెండవది జపాన్ వారి హోషో. హెర్మిస్ పని ముందు మొదలైనా, 1922 డిసెంబరులో హోషోయే ముందు సేవలో చేరింది. ఆ కాలంలో జపాన్ వారికి విమాన విద్య నేర్పినవారు కూడా బ్రిటిష్ వారే.

ఈ నౌకలో ప్రతి భాగం ఒక చిక్కుకు పరిష్కారంగా పుట్టింది. నౌకను నడిపేవారికి ఎత్తైన గది కావాలి, అది డెక్ మధ్యలో ఉంటే విమానానికి అడ్డం. కాబట్టి దాన్ని కుడి అంచుకు జరిపారు. ఆనాటి పైలట్లు దిగడం కుదరక తప్పుకోవలసి వస్తే ఎడమ వైపుకే తిరిగేవారు కనుక కుడి వైపు మేలని అనుభవంలో తేలింది. హోషో మీద కూడా మొదట ఇలాంటి చిన్న గది ఉండేది. ఇరుకు డెక్ మీద అది ఇబ్బంది అవుతోందని కొద్దికాలానికే తీసేశారు. పొగ పైకి వస్తే పైలట్‌కు డెక్ కనిపించదు. అందుకని హోషోకు పక్కకు వంచగలిగే పొగగొట్టాలు అమర్చారు.

దిగిన విమానాన్ని ఆపడం మరో చిక్కు. మొదట డెక్ పొడవునా తీగలు కట్టారు. తేలికపాటి విమానం గాలికి పక్కకు కొట్టుకుపోకుండా అవి పట్టి ఉంచుతాయని ఆశ. అయితే వాటివల్ల ప్రమాదాలు ఎక్కువయ్యాయి. తరువాత డెక్‌కు అడ్డంగా ఉక్కు తీగలు కట్టి, విమానం తోక కింద కొక్కెం పెట్టారు. కొక్కెం తీగను అందుకోగానే విమానం ఆగుతుంది. నేటికీ వాడుతున్నది ఈ పద్ధతే. ఇక విమానాలను దాచడానికి డెక్ కింద పెద్ద షెడ్డు, అంటే హ్యాంగరు ఉంటుంది. పైకీ కిందకీ తేవడానికి లిఫ్టులు ఉంటాయి. ఈ హ్యాంగరు సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి.

అకగి – మూడు అంతస్తుల నౌక

1922లో వాషింగ్టన్‌లో పెద్ద దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఎవరు ఎన్ని యుద్ధనౌకలు ఉంచుకోవాలో లెక్క పెట్టారు. విమాన వాహక నౌకలలో అమెరికా, బ్రిటన్‌లకు చెరి 1,35,000 టన్నులు, జపాన్‌కు 81,000 టన్నులు వచ్చాయి. సగం కట్టిన భారీ నౌకలను విరగ్గొట్టాలి, లేదా కొన్నింటిని విమాన వాహక నౌకలుగా మార్చుకోవచ్చు. అమెరికా అలా లెక్సింగ్టన్, సారటోగాలను మార్చుకుంది. జపాన్ అకగి, అమగి అనే రెండింటిని ఎంచుకుంది. 1923 భూకంపంలో అమగి దెబ్బతినడంతో దాని బదులు కగను తీసుకున్నారు.

1927లో సేవలో చేరిన అకగి వింతగా ఉండేది. ముందు భాగంలో మెట్లలాగా ఒకదానికింద ఒకటి మూడు డెక్‌లు. కింది అంతస్తుల నుంచి కూడా విమానాలు నేరుగా ఎగరాలని ఉద్దేశం. శత్రు నౌక ఎదురైతే కాల్చడానికి 20 సెంటీమీటర్ల ఫిరంగులు పది. పెద్ద పొగగొట్టం కుడి పక్క నుంచి నీళ్ళ వైపుకు వంగి ఉండేది. పాత ఆలోచన, కొత్త ఆలోచన రెండూ ఒకే నౌకలో ఇమిడ్చారన్నమాట. 1928 డిసెంబరు నుంచి దాదాపు ఒక సంవత్సరం యమమోటో ఈ అకగికి కెప్టెన్‌గా ఉన్నారు. 1933లో మొదటి విమాన వాహక దళానికి అధిపతిగా మళ్ళీ దీని మీదికే వచ్చారు. విమానాలు బరువెక్కే కొద్దీ కింది చిన్న డెక్‌లు పనికిరాకుండా పోయాయి. 1935 – 1938 మధ్య వాటిని తీసేసి, పై డెక్‌ను సుమారు 190 మీటర్ల నుంచి 249 మీటర్లకు పెంచారు.

ఈ మధ్యలో 1930 నుంచి 1933 వరకు నౌకాదళ విమానాల సాంకేతిక విభాగానికి ఆయన అధిపతి. విదేశీ విమానాలను కొనడం, అనుకరించడం మాని జపాన్ ఇంజినీర్ల చేతనే విమానాలు తయారు చేయించాలని పట్టుబట్టారు. ఎక్కువ దూరం పోవాలి, ఎక్కువ వేగం ఉండాలి, ఎక్కువ బాంబులు మోయాలి. ఇవే కొలతలు. నడిపే మనిషికి కవచం, పెట్రోలు ట్యాంకుకు రక్షణ అన్నవి బరువు పెంచుతాయి కనుక వెనక్కి పోయాయి. ఆ విమానాలు 1937లో చైనా నగరాలపై బాంబులు కురిపించాయి. ఎందరో సామాన్యులు చనిపోయారు. ఈ విషయం చెప్పకుండా ఆయన జీవితం చెప్పడం న్యాయం కాదు.

ర్యూజో – విశాఖకు వచ్చిన నౌక

వాషింగ్టన్ ఒప్పందంలో ఒక సందు ఉంది. 10,000 టన్నుల లోపు విమాన నౌకలు లెక్కలోకి రావు. ఆ సందులోంచి పుట్టిందే ర్యూజో. చిన్న నౌకగా, ఒకే హ్యాంగరుతో మొదలుపెట్టారు. 1930లో లండన్ ఒప్పందం ఆ సందును మూసేసింది. ఎలాగూ లెక్కలోకి వస్తున్నప్పుడు ఎక్కువ విమానాలు పట్టాలని రెండో హ్యాంగరు పైన ఎక్కించారు. డెక్ మీద ఏ గదీ లేదు. నౌకను నడిపే గది డెక్ ముందు అంచు కింద ఉండేది.

1933లో సేవలో చేరినప్పుడు అది సన్నటి పునాది మీద రెండంతస్తుల మేడ కట్టినట్టుంది. 1934 మార్చిలో తొమొజురు అనే చిన్న యుద్ధనౌక పైబరువు ఎక్కువై తుఫానులో తిరగబడింది. దాంతో అధికారులు కళ్ళు తెరిచి ర్యూజోను యార్డుకు పంపి పక్కలను ఉబ్బెత్తుగా వెడల్పు చేశారు, కొన్ని ఫిరంగులు తీసేశారు. 1935లో మరో తుఫానులో దెబ్బతింటే ముందు భాగాన్ని ఎత్తు చేశారు. కాగితం మీద లెక్క సరిపోవడం వేరు, సముద్రం మీద సరిపోవడం వేరు.

యుద్ధం వద్దన్న సేనాని

1936 చివరి నుంచి యమమోటో నౌకాదళ ఉపమంత్రి. యమాటో అనే మహా యుద్ధనౌక నిర్మాణాన్ని ఆయన వ్యతిరేకించారు. ఆ డబ్బు విమానాలకు పెట్టమన్నారు. జర్మనీతో పొత్తును వ్యతిరేకించారు. అమెరికాతో యుద్ధం వద్దన్నారు. ఈ మాటలకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 1939 ఆగస్టులో ఆయనను సంయుక్త నౌకాదళాధిపతిగా సముద్రం మీదికి పంపడానికి ప్రాణరక్షణ కూడా ఒక కారణం. 1940 సెప్టెంబరులో జర్మనీతో పొత్తు కుదిరింది. అమెరికాతో యుద్ధం వస్తే ఆరు నెలలో, ఏడాదో పైచేయి సాధించగలనని, ఆపైన నమ్మకం లేదని ప్రధాని కొనోయెకు స్పష్టంగా చెప్పారు.

అయినా రాజీనామా చేయలేదు. ఏ యుద్ధం వద్దన్నారో ఆ యుద్ధానికే పథకం వేశారు. 1941 డిసెంబరు 7న ఆరు విమాన వాహక నౌకల నుంచి సుమారు 350 విమానాలు పెర్ల్ హార్బర్ మీద పడ్డాయి. 2,400 మందికి పైగా అమెరికన్లు మరణించారు.

1942 ఏప్రిల్ – మన తీరం

1942 ఏప్రిల్ 5న జపాన్ ప్రధాన దళం కొలంబోపై దాడి చేసింది. మరోవైపు అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో ర్యూజో, కొన్ని క్రూయిజర్లు బంగాళాఖాతంలోకి వచ్చి వర్తక నౌకలను ముంచసాగాయి. ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. నష్టం కొలంబోతో పోలిస్తే చిన్నదే. కానీ ప్రాణాలు పోయాయి, ప్రజలు పట్నం ఖాళీ చేసి పల్లెలకు పరుగులు తీశారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన వాల్‌చంద్ హీరాచంద్ నౌకా నిర్మాణ కేంద్రం పని ఆగి, యంత్రాలు బొంబాయికి తరలిపోయాయి. అక్కడ తయారైన మొదటి నౌక జల ఉష 1948 మార్చిలో గాని నీటిలోకి దిగలేదు.

ఏప్రిల్ 9న సింహళ తీరాన హెర్మిస్‌ను జపాన్ విమానాలు ముంచాయి. దాని మీద అప్పుడు ఒక్క విమానం కూడా లేదు. ఈ విద్య నేర్పిన దేశం నౌకను నేర్చుకున్న దేశం ముంచింది.

మిడ్‌వే

రెండు నెలలు గడిచాయి. 1942 జూన్ 4న మిడ్‌వే దీవి దగ్గర అమెరికా విమానాలు అకగి, కగ, సోర్యూ, హిర్యూ అనే నాలుగు నౌకలనూ దెబ్బతీశాయి. అకగిని చంపింది ముఖ్యంగా ఒక్క బాంబు. ఇంత పెద్ద నౌక ఒక్క బాంబుకు ఎలా పోయింది?

ఇక్కడే హ్యాంగరు సంగతి వస్తుంది. జపాన్ నౌకల హ్యాంగర్లకు చుట్టూ గోడలు ఉండేవి. లోపల పెట్రోలు నింపిన విమానాలు, పక్కనే బాంబులు, టార్పెడోలు. మంట పుడితే పొగ, ఆవిరి పోయే దారి లేదు. పేలుడు జరిగితే ఆ వేగం బయటికి పోకుండా నౌకనే చీల్చేది. మంటలు ఆర్పే ఏర్పాట్లు, ఆ శిక్షణ బలహీనం. అమెరికా వారు హ్యాంగర్ల పక్కలు తెరిచి ఉంచారు. వేడి బయటికి పోయేది, మండే విమానాన్ని సముద్రంలోకి తోయవచ్చు. యుద్ధానికి కాస్త ముందు బ్రిటన్ వారు ఇలస్ట్రియస్ వంటి నౌకల్లో హ్యాంగరునే ఉక్కు పెట్టెలా కట్టారు. విమానాలు తక్కువ పట్టినా దెబ్బ తట్టుకునేది. అదే రోజు అమెరికా నౌక యార్క్‌టౌన్‌కు బాంబులు తగిలితే, సిబ్బంది ముందుగానే పెట్రోలు గొట్టాలలో బొగ్గుపులుసు వాయువు నింపి ఉంచారు. మంటలార్పి మళ్ళీ నడిపించారు. చివరికి టార్పెడోలు తగిలి అదీ మునిగింది గాని, నౌకను కాపాడే విద్య ఎంత విలువైనదో తెలిపింది.

మిడ్‌వేలో జపాన్ వారు 3,000 మందికి పైగా చనిపోయారు. యమమోటో ఆనాడు వందల మైళ్ళ వెనుక యమాటో మీద ఉన్నారు. ఏ నౌక కట్టవద్దన్నారో దాని మీదే కూర్చుని తన విమాన నౌకలు కాలిపోయిన వార్త విన్నారు. విశాఖకు వచ్చిన ర్యూజో కూడా ఆగస్టు 24న మునిగిపోయింది.

మరణం

1943 ఏప్రిల్ 18న ఆయన సైనికులను పరామర్శించడానికి విమానంలో బయలుదేరారు. ఆ ప్రయాణ వివరాలున్న రహస్య సందేశాన్ని అమెరికా వారు చదివేశారు. బోగెన్‌విల్ దీవి మీద ఆయన విమానం కూలింది. చాలా దూరం పోగలదు, ట్యాంకుకు రక్షణ లేదు, తూటా తగిలితే అంటుకుపోతుంది. ఆయన పట్టుబట్టి పెంచిన జాతి విమానమే అది. అప్పటికి ఆయన వయసు 59. జూన్ 5న టోక్యోలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 1945 ఏప్రిల్‌లో యమాటోను కూడా విమానాలే ముంచాయి. ఆయన చెప్పినదే నిజమైంది, చూడడానికి ఆయన లేరు.

మనం గ్రహించవలసినది

బాంబులు పడిన విశాఖ నేడు తూర్పు నౌకాదళానికి కేంద్రం. మన మొదటి విక్రాంత్ 1961లో సేవలో చేరింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరులో విశాఖ దగ్గరే మునిగింది. కొచ్చిలో మనవాళ్ళే కట్టిన కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న సేవలో చేరింది. దాని డెక్ మీద కూడా అడ్డంగా ఆ ఉక్కు తీగలే ఉన్నాయి.

బడిపంతులు ఆరవ కొడుకు చదువుతో పైకి రావడం, నలభై ఏళ్ళ వయసులో కొత్త విద్య నేర్చుకోవడం మెచ్చదగినవి. తప్పని తెలిసిన పనిని వద్దని చెప్పి, ఆ తరువాత దాన్నే తన చేతుల మీదుగా నడిపించడం మెచ్చదగినది కాదు. దాని ఫలితం చైనాలో, పెర్ల్ హార్బర్‌లో, మన విశాఖలో ఆయనెవరో కూడా తెలియని వారు అనుభవించారు.

ఆయన నౌకలు, విమానాలు కొట్టడానికి తయారైనవి. తమకు దెబ్బ తగిలితే ఏమవుతుందన్న ప్రశ్న వాటి కొలతల్లో లేదు. మనలో చాలామందిమి రేపు ఏదో ఒక కర్మాగారంలో యంత్రం ముందు నిలబడతాము. కొందరు యంత్రాలను తయారు చేసే స్థాయికి కూడా వెళ్తారు. ఇప్పటికే వెళ్ళిన పూర్వ విద్యార్థులైన అన్నలు ఉన్నారు. గంటకు ఎన్ని పీసులు వస్తాయని అందరూ అడుగుతారు. అది చెడినప్పుడు, మంట అంటుకున్నప్పుడు అక్కడ నిలబడిన మనిషి ఏమవుతాడని కూడా అడగాలి. అడిగి ఊరుకోకుండా, జవాబు వచ్చేదాకా ఆ మాట మీద నిలబడాలి.